కదలని బండికి స్మార్ట్ చార్జర్: మూడేళ్లు దాటి వాడాక

మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో తమ్ముడి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఏడాదిలో ఎక్కువ భాగం కవరు కిందే ఉంటుంది. వాడి ఉద్యోగం బెంగళూరులో. దసరాకి వచ్చి వెళ్లాడంటే మళ్లీ సంక్రాంతికే. బండి చూసుకునే పని నాది. దాని బ్యాటరీ కోసం కొన్న 0.8 ఆంపియర్ల స్మార్ట్ చార్జర్, అంటే బ్యాటరీ నిండగానే తనంతట తానే వోల్టేజీ తగ్గించుకునేది, మూడేళ్లకు పైగా వాడుతున్నాను కాబట్టి, విజయవాడలో అది ఎంతవరకు పనికొస్తుందో రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. నెలల తరబడి కదలని బండి ఇంట్లో ఉంటే ఇది కచ్చితంగా కొనాల్సిన వస్తువే. కాకపోతే డబ్బా మీద రాసినట్టు ఏడాది పొడవునా తగిలించి వదిలేస్తే మన ఎండలకు కుదరదు.

ఈ తరహా చార్జర్లకు గిరాకీ ఎక్కువగా ఉండేది మంచు కురిసే దేశాల్లో. అక్కడ చలికాలం మొదలవగానే బండిని గ్యారేజీలో పెట్టేసి మళ్లీ వసంతంలోనే బయటికి తీస్తారు. వాళ్ల భయమల్లా చలి. నిండుగా చార్జింగ్ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ (మన బండ్లలో మామూలుగా ఉండేది) మైనస్ 50 డిగ్రీల చలికీ గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో మాత్రం యాసిడ్ దాదాపు నీళ్లలాగే అయిపోయి, సున్నాకు కొద్ది డిగ్రీల కిందికే గడ్డకట్టి పగులుతుంది.

మనకు ఆ బెడద లేదు. మన బ్యాటరీలను తినేసేది వేడి. వాడకుండా ఊరికే పెట్టినా బ్యాటరీ దానంతటదే కొంత కొంత దిగుతూ ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ దిగే వేగం దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో బెజవాడ 40 దాటడం మామూలే. పైగా ఇప్పటి బండ్లలో గడియారం, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) తాళం తీసేశాక కూడా కాస్త కాస్త కరెంటు తాగుతూనే ఉంటాయి. జీపీఎస్ ట్రాకర్, అలారం లాంటివి బిగించి ఉంటే చెప్పక్కర్లేదు. క్లాసిక్‌లో ఉన్నది 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ పట్టే చార్జి కొలత) చిన్న బ్యాటరీ. 2021లో వచ్చిన ఈ మోడల్‌కి కిక్ కూడా తీసేశారు. సెల్ఫ్ నొక్కితే రిలే టకటకమని ఊరుకుందంటే ఇంక తోసుకోవడమే.

చార్జర్ రాకముందు మా నాన్నగారు ప్రతి ఆదివారం కిందికి దిగి బండి స్టార్ట్ చేసి వచ్చేవారు. మన దగ్గర చాలామంది చేసేది ఇదే.

“అయిదు నిమిషాలు ఆన్‌లో ఉంచితే బ్యాటరీ ఎక్కుతుంది కదరా?” అనేవారు.

“ఎక్కదు నాన్నా, ఇంకా దిగుతుంది,” అని మీటర్ పెట్టి చూపించేదాకా నమ్మలేదు.

సెల్ఫ్ మోటారు ఆ ఒకటి రెండు సెకన్లలో చాలా కరెంటు లాగేస్తుంది. తర్వాత ఇంజిన్ స్లోలో తిరుగుతున్నంతసేపూ ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) ఇచ్చే దాంట్లో పెద్ద భాగం ఆరని హెడ్‌లైటుకీ, ఫ్యూయల్ పంపుకీ పోతుంది. బ్యాటరీకి మిగిలేది కొంచెమే. ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు కాబట్టి సైలెన్సర్లో, ఆయిల్లో తేమ కూడా చేరుతుంది. స్టార్ట్ చేస్తే బందరు రోడ్డు మీద అరగంటైనా తిప్పి రావాలి. లేకపోతే అసలు ముట్టుకోకపోవడమే మేలు.

బ్యాటరీ ఏ స్థితిలో ఉందో చెప్పేది మల్టీమీటరే. చార్జర్ కన్నా ముందు కొనాల్సింది అదే అంటాను. చార్జింగ్ ఆపి కొన్ని గంటలు ఆగి చూస్తే 12.7 లేదా 12.8 వోల్టులు ఉండాలి. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం. 12.4 కన్నా కింద వారాల తరబడి ఉండిపోతే లోపలి ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి పేరుకుంటుంది. అలా పేరుకున్నది తర్వాత ఎంత చార్జ్ చేసినా పూర్తిగా కరగదు. “నిన్ననే ఫుల్ చార్జ్ పెట్టించాను, ఇవాళ మళ్లీ చచ్చింది” అని వినపడే బ్యాటరీల్లో చాలావాటి జబ్బు ఇదే.

బిగించడం తేలిక. చార్జర్‌తో పాటు ఫ్యూజు ఉన్న చిన్న వైరు ఒకటి వస్తుంది, చివర రింగులతో. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్ తీయాలి, బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న పెట్టాలి. నెగటివ్ తగిలి ఉండగా పాజిటివ్ నట్టు తిప్పుతూ పానా ఛాసిస్‌కి తాకిందంటే నిప్పులే. టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా ఆరాక కాస్త వ్యాజిలిన్ రాస్తే సరి. ఆ వైరు కొసను సైడ్ ప్యానెల్ కింద నుంచి బయటికి తెచ్చి, దుమ్ము పడకుండా దాని మూత వేసి ఉంచాను. ఇప్పుడు నాన్నగారే కిందికి వెళ్లి సాకెట్ కలిపి వస్తారు. ఎర్ర లైటు పోయి పచ్చది వచ్చిందో లేదో చూడటం ఆయన రాత్రి డ్యూటీ అయింది. సగం దిగిన 8 ఏహెచ్ బ్యాటరీ ఈ చార్జర్‌తో నిండటానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. కరెంటు ఖర్చు చిన్న ఎల్ఈడీ బల్బుకి అయ్యేంతే.

ఇక కాలాన్ని బట్టి వాడకం. దసరా నుంచి సంక్రాంతి దాటేవరకు తగిలించి వదిలేస్తాను. మన చలికాలం ఈ చార్జర్లకు భలే సరిపోతుంది. బ్యాటరీ నిండగానే అది 13.6 వోల్టుల దగ్గరకు దిగి, తగ్గినంత మేరకే నింపుతూ ఉంటుంది. ఆ 13.6 లెక్క 25 డిగ్రీలది. 40 డిగ్రీల దగ్గర దాదాపు 0.3 వోల్టు తగ్గించాలి. ఉష్ణోగ్రతను బట్టి తగ్గించుకునే ఏర్పాటు నా చార్జర్లో లేదు. సీల్డ్ బ్యాటరీకి అదేపనిగా ఎక్కువ వోల్టేజీ అందితే లోపలి నీరు గ్యాసై వాల్వు గుండా పోతుంది. డిస్టిల్డ్ వాటర్ పోద్దామంటే మూతే ఉండదు. అందుకే ఉగాది దాటాక పద్ధతి మారుస్తాను. రెండు వారాలకోసారి రాత్రి పెట్టి, పొద్దున్నే తీసేస్తాం. ఈ పద్ధతిలో ఎండాకాలాలు గడిచినా సెల్ఫ్ నొక్కినప్పుడు వోల్టేజీ పదికి కిందికి పడలేదు. 9.6 కన్నా కిందికి పడితే మాత్రం బ్యాటరీ మార్చే టైమ్ వచ్చిందనుకోవాలి.

నాకు బాగా చిరాకు తెప్పించింది కరెంటు కోత. కరెంటు పోయి వచ్చాక నా చార్జర్ తనంతట తాను మొదలుకాదు, బటన్ నొక్కాలి. చార్జింగ్‌లో ఉందనుకుని మనం నిశ్చింతగా ఉంటాం, అదేమో స్టాండ్‌బైలో కూర్చుంటుంది. ఈ ఒక్క విషయం డబ్బా మీద ఎక్కడా రాయలేదు. కొనేముందు షాపులోనే ప్లగ్గు తీసి మళ్లీ పెట్టించి చూడండి. బటన్ నొక్కకుండా మళ్లీ అదే మోడ్‌లోకి వస్తేనే తీసుకోండి. మన ఊళ్లకు ఎన్ని స్టెప్పుల చార్జింగ్ అన్నదాని కన్నా ఇదే ముఖ్యం.

సెల్లార్ కాబట్టి ఎలుకల సంగతి కూడా చూసుకోవాలి. వైరు నేల మీద పడి ఉంటే కొరికేస్తాయి, గోడ మీద క్లిప్పులతో పైకి కట్టాను. చార్జర్‌ని మేకుకి ఎత్తులో వేలాడదీశాను. దాని మీద రాసి ఉన్న ఐపీ65 అంటే మీద నీళ్లు చిమ్మినా తట్టుకుంటుందని అర్థమే కానీ మునిగినా పర్లేదని కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చాక, వాన హెచ్చరిక వస్తే ప్లగ్గు తీసేయడం మా ఇంట్లో నియమం అయింది.

ఇంకో సంగతి. పూర్తిగా చచ్చిన బ్యాటరీని ఇది గుర్తించదు, లైటు కూడా వెలగదు. అలాంటిది షాపుకే తీసుకెళ్లాలి. అక్కడ పెద్ద కారు బ్యాటరీల పక్కన పెట్టి ఎక్కువ ఆంపియర్లు ఎక్కించకుండా ఒక ఆంపియర్ లోపే పెట్టమని గట్టిగా చెప్పండి. ఏహెచ్‌లో పదో వంతు కరెంటు అన్నది లెక్క. లిథియం బ్యాటరీ వేయించుకున్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు, దానికి వేరే చార్జర్ ఉంటుంది.

ధర మాత్రం తక్కువేం కాదు. నేను పెట్టింది కొత్త బ్యాటరీ ఖరీదు కన్నా కాస్త ఎక్కువే. రోజూ ఆఫీసుకి తిప్పే బండికి అంత పెట్టడం దండగ. కిక్ ఉన్న పాత బండి, గడియారం లాంటివేం లేనిది ఇంట్లో పడి ఉంటే నెగటివ్ వైరు విప్పి పెట్టి, నెలకోసారి మీటర్‌తో చూసుకుంటే సరిపోతుంది. మా మామయ్యగారి పాత స్ప్లెండర్‌కి గుంటూరులో అదే చేస్తున్నాం. వోల్టేజీ 12.5 దగ్గరికి వచ్చినప్పుడు ఈ చార్జర్నే సంచిలో వేసుకెళ్లి ఒక రాత్రి పెట్టి తెచ్చుకుంటాను.