స్పామ్‌అసాసినా, ఆర్‌స్పామ్‌డీనా: రద్దీ మెయిల్ సర్వర్‌కు ఏది మేలు?

స్పామ్‌అసాసిన్, ఆర్‌స్పామ్‌డీ రెండూ మెయిల్ సర్వర్‌లో స్పామ్‌ను పట్టే ఫిల్టర్లు. మెయిళ్ల క్యూ పేరుకుపోగానే చాలామంది ఫిల్టర్ మార్చే ఆలోచనలో పడతారు. దానికన్నా ముందు డీఎన్ఎస్ (ఇంటర్నెట్ పేర్ల వివరాలు అడిగి తెలుసుకునే వ్యవస్థ) చూడాలి. రెండు ఫిల్టర్లూ బ్లాక్‌లిస్టులను, అంటే స్పామ్ పంపేవాళ్ల జాబితాలను, డీఎన్ఎస్ ద్వారానే అడుగుతాయి. 8.8.8.8 లాంటి పబ్లిక్ రిసాల్వర్ (అందరూ వాడుకునే డీఎన్ఎస్ సర్వర్) నుంచి అడిగితే స్పామ్‌హాస్ అనే బ్లాక్‌లిస్టు సంస్థ సరైన జవాబు ఇవ్వదు. మీ మెయిల్ సర్వర్‌లోనే అన్‌బౌండ్ అనే సొంత రిసాల్వర్ పెట్టండి, ప్రశ్నలను మరో రిసాల్వర్‌కు పంపే ఫార్వర్డింగ్ మాత్రం వద్దు. స్పామ్‌అసాసిన్ మెయిల్‌కు చేర్చే హెడర్లలో యూఆర్ఐబీఎల్_బ్లాక్డ్ (బ్లాక్‌లిస్టు మన ప్రశ్నను తిరస్కరించిందనే గుర్తు) కనిపిస్తోందంటే ఈ పని ఇంకా మిగిలే ఉంది.

స్పామ్‌అసాసిన్ పెర్ల్‌లో రాసినది. దాని ఒక్కో చైల్డ్ ప్రాసెస్ ఒకసారికి ఒక్క మెయిలే పట్టుకుంటుంది, డీఎన్ఎస్ జవాబు వచ్చేదాకా దాన్ని వదలదు. మామూలుగా ఉండేవి 5 చైల్డ్‌లు. ఒక్కో మెయిల్‌కు 10 సెకన్లు పడితే నిమిషానికి 30 మెయిళ్లే దాటుతాయి, 1 సెకనులో తేలితే 300. అందుకే మ్యాక్స్-చిల్డ్రన్ (చైల్డ్‌ల గరిష్ఠ సంఖ్య) పెంచడం కన్నా ఆలస్యం తగ్గించడమే అసలు వైద్యం. ర్యామ్ చూసుకోకుండా చైల్డ్‌లను పెంచితే సర్వర్ స్వాప్‌లోకి (మెమరీ బదులు డిస్క్ వాడకంలోకి) జారి, ఉన్న వేగమూ పోతుంది.

స్పామ్‌అసాసిన్‌లో రెండో చిక్కు బేస్ (Bayes) డేటాబేస్, అంటే వచ్చిన మెయిళ్ల నుంచి స్పామ్ పోలికలు నేర్చుకుని దాచుకునే చోటు. పాత టోకెన్ల (నేర్చుకున్న పదాల) తొలగింపు మెయిల్ స్కాన్ మధ్యలో మొదలవుతుంది, ఆ మెయిల్ అక్కడే ఆగిపోతుంది. బేస్_ఆటో_ఎక్స్‌పైర్‌ను 0 చేసి, రాత్రిపూట క్రాన్‌లో (వేళకు పనులు నడిపే సాధనంలో) ఎస్ఏ-లెర్న్ ఫోర్స్-ఎక్స్‌పైర్ కమాండ్ నడపండి. ఫైల్ లాక్‌ల కోసం పోటీ ఎక్కువైతే బేస్‌ను రెడిస్ అనే మెమరీ డేటాబేస్‌కు మార్చొచ్చు, 3.4 వెర్షన్ నుంచే ఆ వీలుంది. రూల్స్‌ను వేగంగా నడిచేలా మార్చే ఎస్ఏ-కంపైల్ కూడా మేలు చేస్తుంది, కాకపోతే రూల్స్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మళ్లీ నడపాలి.

ఆర్‌స్పామ్‌డీ సీ భాషలో రాసినది. ఒకే వర్కర్ చాలా మెయిళ్లను కలిపి నడిపిస్తుంది, ఒకదానికి డీఎన్ఎస్ జవాబు రాకపోతే ఈలోగా మిగతావాటి పని చూస్తుంది. హైపర్‌స్కాన్ అనే లైబ్రరీ తోడైతే రెగెక్స్‌లు (అక్షరాల నమూనాలను వెతికే రూల్స్) కూడా చకచకా తేలిపోతాయి. రద్దీ సర్వర్‌కు నిస్సందేహంగా ఇదే మేలు.

చిన్న సర్వర్‌లో, ఏళ్లుగా సొంత రూల్స్ రాసుకుని ఉంటే మాత్రం స్పామ్‌అసాసిన్‌ను వదలాల్సిన అవసరం లేదు. ఆ రూల్స్‌ను ఆర్‌స్పామ్‌డీ మాడ్యూల్‌తో చదివించొచ్చు, కానీ వాటిని లువా భాషలో తిరగరాస్తేనే వేగం దక్కుతుంది.

మారేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది స్కోర్ల దగ్గర. స్పామ్‌అసాసిన్‌లో మామూలుగా స్కోరు 5కు చేరితే స్పామ్. ఆర్‌స్పామ్‌డీలో 4కు గ్రేలిస్ట్ (కాసేపాగి మళ్లీ పంపమనడం), 6కు స్పామ్ అని హెడర్ చేర్చడం, 15కు రిజెక్ట్ (తిప్పి పంపడం). పాత 5ను తెచ్చి రిజెక్ట్ దగ్గర పెడితే మంచి మెయిళ్లు తిరిగిపోతాయి. బేస్‌ను కూడా కొత్తగా నేర్పాలి: స్పామ్ 200, మంచివి 200 అందేదాకా అది తీర్పు చెప్పదు. అప్పటిదాకా లోకల్.డీ ఫోల్డర్‌లోని యాక్షన్స్ ఫైల్‌లో రిజెక్ట్‌ను నల్ (null) చేసి, అంటే ఆపేసి, హెడర్లతోనే నడిపించండి.