ఆరేళ్లుగా ఆర్‌సింక్: మదర్‌బోర్డ్ మార్చాక తెలిసొచ్చిన సంగతి

హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసు సర్వర్‌ని నేను చూసుకుంటాను. సర్వర్ అంటే పెద్దదేం కాదు, ఉబుంటు లినక్స్ వేసిన మామూలు డబ్బా. ట్యాలీ డేటా, క్లయింట్ల స్కాన్లు అన్నీ అందులోనే. ఆరేళ్లుగా రోజూ రాత్రి ఆర్‌సింక్ అనే ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రామ్‌తో ఇంకో హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ తీస్తున్నాను. 1996లో వచ్చిన ప్రోగ్రామ్, పైసా ఖర్చు లేదు. మారిన ఫైళ్లను కాపీ చేసి, మారనివాటికి నిన్నటి కాపీకే హార్డ్ లింక్ (అదే ఫైల్‌కి ఇంకో పేరు, అదనంగా చోటు పట్టదు) పెట్టేలా నడుపుతాను. ఏ తేదీ ఫోల్డర్ తెరిచినా ఆ రోజు డేటా మొత్తం ఉంటుంది. తిరిగి తీసుకోవాలంటే మామూలు కాపీ చాలు. నాకు బాగా నచ్చింది ఇదే.

పోయిన ఏడాది కరెంటు హెచ్చుతగ్గులకి ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) పోతూ పోతూ మదర్‌బోర్డ్‌ని కూడా తీసుకుపోయింది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొత్త బోర్డు, క్యాబినెట్ కొనుక్కొచ్చి బిగించాను. నెట్‌వర్క్ కార్డ్ పేరు మారి నెట్ రాలేదు. నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్ ఫైల్లో దిద్దితే వచ్చింది. తెల్లారి బ్యాకప్ లాగ్ చివర్లో 'సక్సెస్' అని ఉంది, సరేననుకున్నాను. పది నిమిషాల్లో అయ్యే పనికి ఆ రాత్రి గంటన్నర పట్టిందని పై లైన్లలోనే ఉంది. నేనే చూసుకోలేదు.

పదకొండో రోజు ఆడిటర్ గారి ఫోన్. "ప్రింట్లు రావట్లేదయ్యా, ప్రింటర్ పోయినట్టుంది." జూలై నెల, రిటర్నుల హడావుడి. వెళ్లి చూస్తే ప్రింటర్ బాగానే ఉంది, సిస్టమ్ ఉన్న 256 జీబీ ఎస్‌ఎస్‌డీ మొత్తం నిండిపోయింది. 2 టీబీ బ్యాకప్ డిస్క్ అసలు మౌంటే కాలేదు, అంటే ఫోల్డర్‌గా సిస్టమ్‌కి తగులుకోలేదు.

లినక్స్ డిస్క్‌లకి వరసగా ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు పెడుతుంది. కొత్త క్యాబినెట్‌లోని కార్డ్ రీడర్ ఎస్‌డీబీ పేరు పట్టేసి, బ్యాకప్ డిస్క్‌ని ఎస్‌డీసీకి నెట్టింది. ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఎప్పుడో నేను ఎస్‌డీబీ1 (ఆ డిస్క్‌లో మొదటి భాగం) అని రాసి, డిస్క్ లేకపోయినా బూట్ ఆపొద్దనే నోఫెయిల్ పక్కన పెట్టాను. దాంతో డిస్క్ దొరక్కపోయినా సర్వర్ చప్పుడు చేయకుండా బూట్ అయింది. మౌంట్ చేయాల్సిన ఫోల్డర్ ఎస్‌ఎస్‌డీలోనే ఖాళీగా ఎదురుగా ఉంది కదా, ఆర్‌సింక్ అందులోకే కాపీ చేసుకుంటూ పోయింది. నిన్నటి కాపీ అక్కడ లేదు కాబట్టే మొదటి రాత్రి అన్నీ కాపీ చేయడానికి గంటన్నర పట్టింది. దాని తప్పేం లేదు, రాయమన్న చోటే రాసింది.

ఇక్కడ తొందరపడి డిస్క్‌ని అదే ఫోల్డర్‌పై మౌంట్ చేస్తే పొరపాటున పడ్డ ఫైళ్లు దాని కింద దాక్కుంటాయి. కంటికి కనపడవు, ఎస్‌ఎస్‌డీ మాత్రం నిండే ఉంటుంది. అందుకే ముందు రోజూ రాత్రి బ్యాకప్‌ని నడిపే క్రాన్ ఆపాను. డిస్క్‌ని వేరే చోట మౌంట్ చేసి తాజా బ్యాకప్ తీశాను. ఆ తర్వాతే పాత ఫోల్డర్ ఖాళీ చేసి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఎస్‌డీబీ1 బదులు యూయూఐడీ (డిస్క్ వరస మారినా మారని గుర్తింపు సంఖ్య) రాశాను. స్క్రిప్ట్ మొదట్లో మౌంట్‌పాయింట్ కమాండ్‌తో ఒక తనిఖీ పెట్టాను, డిస్క్ లేకపోతే అక్కడే ఆగిపోతుంది. మౌంట్ కాని ఆ ఖాళీ ఫోల్డర్‌కి చాటర్ అనే కమాండ్‌తో తాళం కూడా వేశాను, ఆ తాళం తీసేదాకా రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) కూడా అందులో ఫైల్ పెట్టలేడు.

ఆర్‌సింక్‌తో అసలు ఇబ్బంది వేరే ఉంది. పెద్ద ట్యాలీ ఫైల్లో ఒక్క ఎంట్రీ మారినా ఆ రోజు ఫోల్డర్‌లోకి ఫైలంతా కొత్తగా చేరుతుంది. అంత చోటు లేనివాళ్లు, ఫైల్ని ముక్కలు చేసి మారిన ముక్కలే దాచే రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ చూసుకోవచ్చు. నేను మాత్రం ఆర్‌సింక్‌ని వదల్లేదు. కాకపోతే ఇప్పుడు ప్రతి నెలా మొదటి శనివారం ఆడిటర్ గారు అడిగిన ఏదో ఒక పాత ఫైల్ని బ్యాకప్‌లోంచి తీసి ఆయన ముందే తెరుస్తున్నాను. పోయిన నెల 2021 నాటి బ్యాలెన్స్ షీట్ అడిగారు.