కొత్త కోచ్ తొలి సీజన్: కొలరాడో దారి మేలా, ఇండియానా దారి మేలా?

అమెరికాలో వరుస ఓటములతో అడుగంటిన కాలేజీ ఫుట్‌బాల్ జట్టును నిలబెట్టడానికి పూర్వం కొత్త హెడ్ కోచ్‌కు నాలుగైదేళ్ల గడువు ఇచ్చేవారు. కళాశాల మారిన ఆటగాడు ఒక ఏడాది ఆటకు దూరంగా ఉండాలన్న నిబంధన 2021లో సడలిన తరువాత, కళాశాల మారదలచిన ఆటగాళ్ల పేర్లు నమోదయ్యే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా ఒక్క వేసవిలోనే జట్టును మార్చుకోవడం సాధ్యమైంది. 2023లో కొలరాడోలో డియాన్ శాండర్స్, 2024లో ఇండియానాలో కర్ట్ సిగ్నెట్టీ ఈ వెసులుబాటునే వాడుకున్నారు. ఫలితాలు మాత్రం పూర్తిగా వేరు.

శాండర్స్ చేతికి వచ్చినది అంతకుముందు ఏడాది 12 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచిన జట్టు. ఆయన పాత ఆటగాళ్లలో అత్యధికులను సాగనంపి, జాక్సన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో తన వద్ద ఆడిన కుమారుడు, బంతి విసిరి ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ షెడ్యూర్‌ను, ట్రావిస్ హంటర్‌ను వెంట తెచ్చుకుని, మిగిలిన స్థానాలను నలుమూలల నుంచి వచ్చిన వారితో నింపారు. తొలి మ్యాచ్‌లోనే, అంతకుముందు సీజన్‌లో జాతీయ ఫైనల్ ఆడిన టెక్సాస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయాన్ని (టీసీయూ) దాని సొంత మైదానంలో 45-42తో ఓడించినప్పుడు దేశమంతా అటు తిరిగి చూసింది. ఆ రోజు షెడ్యూర్ 510 గజాలు పాస్ చేశాడు. వరుసగా మూడు గెలిచాక ఒరెగన్ 42-6తో ఆ జోరుకు అడ్డుకట్ట వేసింది. స్టాన్‌ఫర్డ్‌తో సొంత మైదానంలో సగం ఆట ముగిసేసరికి 29-0తో ముందున్న జట్టు అదనపు సమయంలో 46-43తో ఓడిపోవడం ఆ సీజన్‌లో అన్నిటికంటే బాధాకరమైన ఘట్టం. చివరి ఆరు మ్యాచ్‌లూ ఓడి 4-8తో (నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు) ముగించారు.

నా దృష్టిలో అసలు లోపం అఫెన్సివ్ లైన్‌లో, అంటే బంతి తమ జట్టు చేతిలో ఉన్నప్పుడు ముందు వరుసలో నిలిచే అయిదుగురిలో ఉంది. షెడ్యూర్ ఆ ఏడాది 52 సార్లు శాక్ అయ్యాడు, అంటే బంతి విసరకముందే ప్రత్యర్థుల చేతిలో నేలకూలాడు. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ఆ అయిదుగురూ పక్కవాడి కదలికను చూడకుండానే పసిగట్టగలగాలి, ఆ అవగాహన ఎంతో కాలం కలిసి ఆడితే తప్ప కుదరదు. పాస్‌లు అందుకునే మేటి రిసీవర్‌ను పోర్టల్‌లో వెతికి తెచ్చుకోవచ్చు గానీ, ఈ పొందికను తెచ్చుకోవడం కష్టం. దానికి తోడు ప్లేలు (ప్రతిసారీ వేసే ఎత్తుగడలు) నిర్ణయించే బాధ్యతను సీజన్ మధ్యలో సహాయ బృందంలోని షాన్ లూయిస్ నుంచి తప్పించి ప్యాట్ షర్మర్‌కు అప్పగించడంతో, ఉన్న కాస్త కుదురు కూడా చెదిరింది.

సిగ్నెట్టీ సరిగ్గా ఆ పొందికనే తెచ్చుకున్నారు. జేమ్స్ మ్యాడిసన్ విశ్వవిద్యాలయం నుంచి వస్తూ పదిమందికి పైగా ఆటగాళ్లతో పాటు దాడి, రక్షణ విభాగాలను నడిపే అఫెన్స్, డిఫెన్స్ కోఆర్డినేటర్లయిన మైక్ షానహన్, బ్రయంట్ హైన్స్‌లను కూడా వెంట తీసుకువచ్చారు. ఎయిడెన్ ఫిషర్, మికాయిల్ కమారా, ఎలైజా శారట్ వంటి వారికి ఆ పద్ధతి ముందే తెలుసు కనుక, కొత్తగా చేరిన వారికి నేర్పడంలో వారే అండగా నిలవగలిగారు. క్వార్టర్‌బ్యాక్‌గా ఒహాయో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కర్టిస్ రూర్క్ కూడా కాలేజీ ఆటలో తలపండినవాడే. 2023లో 3-9తో ముగించిన జట్టు, ఏ సీజన్‌లోనూ తొమ్మిదికి మించి గెలిచి ఎరుగని జట్టు, వరుసగా పది గెలిచి, చివరికి 11-2తో నిలిచింది.

ఇండియానాకు ఎదురైన జట్లు చాలావరకు బలహీనమైనవన్న విమర్శలో నిజముంది. ఒహాయో స్టేట్ చేతిలో 38-15తో, ప్లేఆఫ్ తొలి రౌండ్‌లో నోటర్ డేమ్ చేతిలో 27-17తో ఓడింది కూడా. అయితే నెబ్రాస్కాపై 56-7, పర్డ్యూపై 66-0 వంటి గెలుపులను ప్రత్యర్థి బలహీనత ఒక్కటే ఇవ్వదు.

కనుక తొలి సీజన్‌లోనే గెలుపులు కావలసిన విశ్వవిద్యాలయానికి సిగ్నెట్టీ దారే మేలని నేను నిస్సంకోచంగా చెబుతాను. ఖాళీ స్టేడియం, ఆదాయలేమి, ఆటగాళ్లు ఇటు చూడకపోవడమే ప్రధాన సమస్య అయితే శాండర్స్ వైపు కూడా ఆలోచించవచ్చు: 2023లో కొలరాడో సీజన్ టికెట్లన్నీ ఆట మొదలు కాకముందే అమ్ముడుపోయాయి, మరుసటి ఏడాది 9-4 ఫలితంతో పాటు హంటర్‌కు దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ దక్కింది. అయితే అటువంటి విశ్వవిద్యాలయం కోచ్‌ను నియమించేటప్పుడే లైన్‌మెన్ కోసం రెండో వేసవి దాకా ఆగడానికి సిద్ధపడాలి.