కొత్తగా పైపు పట్టినవారికి ఏ పొగాకు? ఏడేళ్ల వాడకం తరువాత

నేను పైపు పట్టి ఏడేళ్లు నిండాయి. 2018 అక్టోబరు మొదలు ఇప్పటిదాకా ముప్పైకి పైగా మిశ్రమాలు కొన్నాను. వాటిలో సగం పారేశాను, కొన్ని పంచిపెట్టాను. చివరికి అలమరలో మిగిలినవి నాలుగు సీసాలు. ఆ నాలుగింటి దగ్గరికి చేరడానికి ఇంత చుట్టు తిరగవలసిన అవసరం నాకు నిజానికి లేదు. నేను పుట్టి పెరిగింది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర, వర్జీనియా పొగాకు పండించే ఇంట్లో. ఆకు రెలుపుల (కోతల) రోజుల్లో కర్రలకు ఆకు అల్లే ఆడవాళ్ల పక్కన కూర్చుని, రాత్రిళ్లు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టు) దగ్గర మా నాయనతో పాటు మేలుకుని పెరిగినవాణ్ణి. అలాంటి నేను, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక దుకాణదారు గాజు జాడీ మూత తీసి ముక్కు దగ్గర పెట్టగానే వెనిల్లా వాసనకు లొంగిపోయి పావు కిలో కొనుక్కుని వచ్చాను. ఆకును చూడలేదు, వేలితో తాకి చూడలేదు. అక్కడ మొదలైన తప్పు నెలల తరబడి నడిచింది.

జాడీలో వచ్చే వాసన వేరు, నోటిలో తగిలే రుచి వేరు. అరోమాటిక్ అని అమ్మే మిశ్రమాల్లో ఎక్కువ భాగం బ్లాక్ కావెండిష్, అంటే ఆవిరిపట్టి, ఒత్తిడి పెట్టి, నల్లబడేదాకా తీపి పట్టించిన ఆకు. దానికి బర్లీ, వర్జీనియా అనే ఆకు రకాల్లో ఏదో ఒకటి కలిపి, పైన వెనిల్లా, చెర్రీ, విస్కీ వంటి సువాసనలు చల్లుతారు. అది ఎండిపోకుండా ఉండడానికి చాలా మిశ్రమాల్లో ప్రొపిలీన్ గ్లైకాల్ కూడా కలుపుతారు. ఆ పరిమళం గదిలో ఉన్నవారికి అందినంతగా పీల్చేవాడికి అందదు. మా ఆవిడ హాల్లో కూర్చుని ‘ఈ పూట పాయసం వాసన వస్తోందండీ’ అని మెచ్చుకుంటుంటే, నేను వసారాలో వేడి ఆవిరి మింగుతూ, పైపు అడుగున గుడగుడలాడే నీటిని కాగితపు పుల్లతో తుడుచుకుంటూ కూర్చునేవాణ్ణి. ఒక గిన్నె (పైపులో పొగాకు నింపే గుంట) పొగాకు ముగియడానికి పది పన్నెండు సార్లు అగ్గిపుల్ల గీయవలసి వచ్చేది. రెండో వారానికి నాలుక మీద చురుకు మొదలై చారు పులుపు కూడా తట్టుకోలేకపోయాను. దీన్నే పైపు పట్టేవాళ్లు నాలుక కరవడం అంటారు. ఆ మిశ్రమాన్ని పేరు పెట్టి నిందించను. దాన్ని తృప్తిగా తాగేవారు వేలల్లో ఉన్నారు, తప్పు నేను తాగిన తీరులోనే ఉంది.

ఆ తీరును దిద్దింది మా నాయన. 2019 వేసవిలో మా దగ్గరికి వచ్చినప్పుడు ఒక సాయంత్రం నా డబ్బా తీసి, చిటికెడు ఆకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి వదిలాడు. అది ముద్దలాగే ఉండిపోయింది. ‘ఏందిరా ఇది, పదును ఇంత ఉంటే మండె బూజు పట్టదా?’ అన్నాడు. పదును అంటే ఆకులోని తేమ, మండె అంటే ఆకు కుప్ప. ఆయన జన్మలో చుట్ట గానీ సిగరెట్టు గానీ ముట్టినవాడు కాదు, కానీ నలభై ఏళ్లు ఆకు పదును చూసినవాడు. బ్యారన్‌లో ఆరిన ఆకు పెళుసుగా, ముట్టుకుంటే పొడి అయ్యేలా ఉంటుంది కాబట్టి తలుపులు తెరిచి రాత్రి మంచుకు పదునెక్కించి, అప్పుడు కర్రలు దింపుతారు. మళ్లీ ఎక్కువ పదునుతో మండె వేస్తే ఆకు వేడెక్కి నల్లబడుతుంది. చిన్నప్పుడు వందసార్లు విన్న ఈ మాట పైపు విషయంలో నాకు తట్టనేలేదు.

పైపు పట్టేవాళ్లు ఇంగ్లీషులో పుస్తకాలు పుస్తకాలుగా చెప్పుకునేది మా పదును సంగతే. నొక్కి వదిలినప్పుడు ఆకు మెల్లగా విచ్చుకోవాలి. ముద్దగా నిలిచిపోతే తడి ఎక్కువ, చిట్లితే తక్కువ. తేమ 12 నుంచి 14 శాతం దగ్గర ఉంటే చాలా మిశ్రమాలు తేలిగ్గా మండుతాయి. నేను తాగడానికి ముందు ఒక గిన్నెకు సరిపడా ఆకును తెల్ల కాగితం మీద పలచగా పరిచి ఉంచుతాను. శీతకాలంలో ఇంట్లో హీటర్ నడుస్తున్నప్పుడు పావుగంట చాలు, జూలై ఉక్కలో గంట దాటినా చాలదు. ఇది తెలిసిన తరువాత అదే వెనిల్లా మిశ్రమం నాలుగైదు పుల్లలతో చివరిదాకా మండింది. రుచి గొప్పదేమీ కాదు గానీ నాలుకను మాత్రం వదిలిపెట్టింది. కాబట్టి కొత్తవారు మిశ్రమం మార్చే ముందు పదును మార్చి చూడాలని నా గట్టి అభిప్రాయం.

ఇక మిశ్రమం సంగతికి వస్తే, మొదటి డబ్బాగా బర్లీ ప్రధానంగా ఉన్నది కొనమని చెబుతాను. బర్లీని పొగగొట్టాల వేడితో కాకుండా నీడన, గాలికి వారాల తరబడి ఆరబెడతారు. ఆ నిదానంలో ఆకులోని చక్కెర దాదాపు ఖర్చయిపోతుంది. వినుకొండ వైపు పండే బర్లీ తెలిసినవారికి ఆ పొడి, వేరుశనగ గుల్ల లాంటి వాసన గుర్తుంటుంది. చక్కెర తక్కువ కావడం వల్ల, గబగబా లాగే కొత్తవాడి తొందరను కూడా అది కొంత సహిస్తుంది. నాకు నచ్చింది ప్రిన్స్ ఆల్బర్ట్. ఆర్. జె. రేనాల్డ్స్ కంపెనీ 1907లో మొదలుపెట్టిన పాత సరుకు అది. తరువాత ఏడో ఎడ్వర్డుగా రాజయిన యువరాజు పేరు దానికి పెట్టారు. చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది, పైపులో నింపడం తేలిక, తీపి ఉందా లేదా అన్నంతగానే ఉంటుంది. అయిదేళ్లుగా అది మా ఇంట్లో లేని నెల లేదు. కార్టర్ హాల్ కూడా ఈ కోవదే. దానిలో వర్జీనియా రుచి కొంచెం ఎక్కువగా తగులుతుంది. ఇవి అమెరికాలో మందుల దుకాణాల్లో తాతలు కొనుక్కునే పొగాకులని అనుభవజ్ఞులు చిన్నచూపు చూస్తారు. తాతలు అరవై ఏళ్లపాటు ఊరికే కొనరు.

వర్జీనియా నా సొంత ఊరి ఆకు కనుక దాని గురించి ఇంకొంచెం చెప్పాలి. బ్యారన్‌లో ఆకును మొదట తక్కువ వేడిలో పసుపు రంగుకు తెస్తారు. ఆ దశలోనే ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. తరువాత వేడి మెల్లగా పెంచి ఆ రంగునూ చక్కెరనూ ఆకులో నిలిపివేసి, చివరికి 70 డిగ్రీల దాకా తీసుకువెళ్లి ఈనె ఆరబెడతారు. మా నాయన థర్మామీటరు మీద టార్చిలైటు వేసి అయిదారు రోజులు కాపలా కాసింది ఆ చక్కెర కోసమే. అదే చక్కెర పైపులో తొందరపడినవాడికి శత్రువు అవుతుంది. బలంగా లాగితే మంట పెరుగుతుంది, రుచి పోయి చురుకు మిగులుతుంది. నిదానంగా, ఆరిపోతుందేమో అన్నంత మెల్లగా లాగితే మాత్రం ఎండు గడ్డి వాసన, తేనె లాంటి తీపి, కొన్నిసార్లు కాల్చిన రొట్టె అంచు రుచి వస్తాయి. ఆ నిదానం నాకు మూడో ఏడు దాకా పట్టుబడలేదు. అందువల్ల వర్జీనియాను మొదటి నెలల్లో కొనవద్దంటాను. ముఖ్యంగా బిళ్లలుగానో పలకలుగానో ఒత్తిన ఫ్లేక్ రూపంలో కొనవద్దంటాను. ఒక ఇంగ్లీషు ఫ్లేక్ డబ్బా తెరిచిన రోజున ఆకు ఎంత తడిగా ఉందంటే, రెండు గంటలు ఆరబెట్టి, చేతితో నలిపి, ఇంకో గంట ఆరబెట్టవలసి వచ్చింది. అంత ఓపిక కొత్తవాడికి ఉండదు, నాకూ లేకపోయింది.

లటాకియా మరో లోకం. తూర్పు మధ్యధరా ప్రాంతపు చిన్న ఆకును కట్టెల పొగలో వేలాడదీసి నల్లగా చేస్తారు. సిరియా రేవు పేరు దానికి నిలిచిపోయినా ఇప్పుడు దొరికేది ఎక్కువగా సైప్రస్‌ది. మొదటిసారి డబ్బా తెరవగానే నాకు మా ఊరి కట్టెల పొయ్యి గుర్తొచ్చింది, మా ఆవిడకు మాత్రం నెల్లూరు బంధువుల ఇంట్లో ఎండుచేపలు కాల్చిన రోజు గుర్తొచ్చింది. ఆ డబ్బా ఆ రాత్రే గ్యారేజీకి మారింది, నేటికీ అక్కడే ఉంది. అయినా లటాకియా కలిపి ఇంగ్లీషు మిశ్రమాలన్న పేరుతో, తడి తక్కువగా వచ్చే ఇవి నాలుకను దాదాపు బాధించవు. తక్కువ లటాకియాతో మొదలుపెట్టాలంటే ఎర్లీ మార్నింగ్ పైప్ మంచిది. ఒకప్పటి డన్‌హిల్ మిశ్రమం, ఇప్పుడు పీటర్సన్ పేరుతో వస్తోంది. ఒకటి గుర్తుంచుకోవాలి. లటాకియా తాగిన కొయ్య పైపులో ఆ వాసన నెలల తరబడి వదలదు, కాబట్టి దానికి ఒక పైపు విడిగా కేటాయించాలి.

పెరీక్ గురించి క్లుప్తంగా చెబుతాను. లూసియానాలో మిసిసిపీ ఒడ్డున సెయింట్ జేమ్స్ పారిష్‌లో, పీపాల్లో ఒత్తిపెట్టి ఏడాది పాటు పులియబెట్టే ఆకు అది. మిరియాల ఘాటు, అంజూరపు పండు పులుపు కలిసి ఉంటాయి. వర్జీనియాలో చిటికెడు కలిపితే తీపికి కారం తోడైనట్టు ఉంటుంది. నా నాలుగు సీసాల్లో ఒకటి ఈ జోడీయే, గుండ్రటి బిళ్లలుగా వచ్చే ఎస్కూడో. కానీ ఇది మొదటి ఏడాది సరుకు కాదు.

పైపు మాటకొస్తే, మొదటిది మొక్కజొన్న కంకిది కొనడమే సరి. సెయింట్ లూయిస్‌కు పడమరగా గంట ప్రయాణంలో వాషింగ్టన్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ 1869 నుంచి మిస్సోరీ మీర్షామ్ వారు ఈ కంకి పైపులు చేస్తున్నారు. నేను కొన్నప్పుడు పది డాలర్లలోపే. కంకి తేమను పీల్చుకుంటుంది, కొయ్య పైపులా నెలల తరబడి అలవాటు చేయనక్కరలేదు, ఏ మిశ్రమం రుచి ఏదో స్పష్టంగా తెలుస్తుంది. పాడైతే బాధ లేదు. నింపేటప్పుడు మొదటి చిటికెడు పసిపిల్ల చేతితో, రెండోది ఆడమనిషి చేతితో, మూడోది మగవాడి చేతితో నొక్కాలని పాత సూత్రం ఒకటి ఉంది. ఆ సూత్రం చెప్పినవారు మా బ్యారన్ల దగ్గర ఆకు అల్లే ఆడవాళ్ల చేతులు చూసి ఉండరు. పై పొర కూడా గట్టిగా నొక్కకండి. పైపులోంచి గాలి లాగితే, గొట్టంతో గుక్కెడు నీరు పీల్చినంత తేలిగ్గా రావాలి.

కొనేటప్పుడు 50 గ్రాముల డబ్బా దాటవద్దు. పెద్ద డబ్బా గ్రాముకు చవకగా కనిపించి నన్ను నాలుగుసార్లు ముంచింది. డబ్బా తెరిచిన తరువాత ఆవకాయ పెట్టుకునేంత బిగువైన మూత ఉన్న గాజు సీసాలోకి మార్చి, తేదీ రాసిన చీటీ అంటించాలి. బలమైనవాటి విషయంలో తొందర వద్దు. ఒకసారి తాడులా పేనిన నల్ల పొగాకును ఖాళీ కడుపుతో తాగి, చెమటలు పట్టి, గోడ పట్టుకుని కూర్చున్నాను. మంచు ఆరకముందే తడి ఆకు రెలిచిన రోజున మా చేలో కూలీలు కళ్లు తిరిగి వాంతులు చేసుకున్నది ఈ నికోటిన్ వల్లేనని అప్పుడు అర్థమైంది.

పొగ మింగకపోతే ప్రమాదం లేదని దుకాణంలో వినపడే మాటను నేను నాలుగేళ్లు నమ్మాను. నోటిపొర ద్వారానే నికోటిన్ ఎక్కుతుంది, నోటి క్యాన్సరు, పెదవి క్యాన్సరు పైపు పట్టేవారికీ వస్తాయి. 2023లో మా దంతవైద్యురాలు అద్దం పెట్టి నా అంగుడి చూపించింది. తెల్లబడిన చర్మం మీద ఎర్రటి చుక్కలు. వేడి పొగ వల్ల వచ్చే మార్పని, మూడు నెలలు పూర్తిగా మాని రమ్మని చెప్పింది. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్ట నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగుడిలోనే క్యాన్సరు వస్తుందని విన్న సంగతి ఆ కుర్చీలో కూర్చుని ఉండగా గుర్తొచ్చింది. మానాను, చుక్కలు పోయాయి. ఆరునెలలకొకసారి ఆవిడ అద్దం పెట్టి చూస్తూనే ఉంది. ఇంకా మొదలుపెట్టనివారికి ఏ మిశ్రమమూ నేను సిఫారసు చేయను. ఈ సమీక్ష ఇప్పటికే పైపు కొని, నాలుక కాల్చుకుని, ఏం చేయాలో తోచక ఉన్నవారి కోసం.

ప్రస్తుతం నాది వారానికి ఒక గిన్నె, శనివారం సాయంత్రం, అదీ ప్రిన్స్ ఆల్బర్ట్, కంకి పైపులో. మా నాయన ఫోన్ చేసినప్పుడల్లా వానలు, వేలం ధర అయ్యాక ‘ఆ మురికి ఇంకా ఉందా?’ అని అడుగుతాడు. ఉందని చెబితే, పదును చూసుకో అంటాడు.