జోటెరోనా, మెండలేనా?

ప్రాజెక్టు రిపోర్టులో రిఫరెన్సులన్నీ చేత్తో టైపు చేస్తే, చివరి రాత్రి తప్పులు ఏరుకోవడంతోనే తెల్లారుతుంది. ఆ రిఫరెన్సులను దాచి, రిపోర్టులో పెట్టిపెట్టే సాఫ్ట్‌వేర్లే జోటెరో, మెండలే.

మెండలే ఉచితంగా 2 జీబీ ఆన్‌లైన్ స్థలం ఇస్తుంది, జోటెరో 300 ఎంబీయే. చూడగానే మెండలేవైపు మనసు పోతుంది గానీ, జోటెరోలో ఆ హద్దు పీడీఎఫ్‌ల వంటి ఫైళ్లకే, రిఫరెన్సుల వివరాలకు కాదు. సెట్టింగుల్లో ఫైల్ సింక్ (ఫైళ్లు ఆన్‌లైన్‌కు ఎక్కడం) ఆపేసి, పీడీఎఫ్‌లు కంప్యూటర్లోనే ఉంచుకుంటే సరి.

గూగుల్ డాక్స్‌లో నలుగురు కలిసి రాస్తుంటే జోటెరోనే తీసుకోండి. రిఫరెన్సులు చొప్పించే మెండలే సైట్ (Mendeley Cite) వర్డ్‌లోనే పనిచేస్తుంది.

స్కాన్ చేసిన పీడీఎఫ్ పడేస్తే రెండూ తెల్లమొహం వేస్తాయి. పాపం, అందులో ఉన్నది బొమ్మే, అక్షరాలు కావు. అప్పుడు జోటెరోలో మంత్రదండం గుర్తు నొక్కి డీఓఐ (వ్యాసానికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) అతికించండి. రచయిత, సంవత్సరం, జర్నల్ పేరు వచ్చేస్తాయి. ఇంగ్లిష్ శీర్షిక మొత్తం పెద్దక్షరాల్లో వస్తే దానిమీద రైట్‌క్లిక్ చేసి సెంటెన్స్ కేస్ ఎంచుకోవాలి.