నీబోర్డు ఫిన్స్‌ని చెప్పుల షాపులో కోయించాను: నాలుగు స్టార్లు

ముందే చెప్పేస్తున్నా, ఇది కొత్త ఫిన్స్ (ఈతకి పాదాలకి తొడుక్కునే రబ్బరు రెక్కలు) రివ్యూ కాదు. కొన్న ఫిన్స్‌ని కోసి, అరగదీసి, నా మోకాళ్ళ సర్ఫింగ్‌కి పనికొచ్చేలా చేసిన షాపు రివ్యూ. ఆస్ట్రేలియాలోని వులన్‌గాంగ్‌లో మా ఆఫీసు దగ్గర ఒక పాతకాలపు చెప్పుల రిపేరు షాపు ఉంది. బూట్లకి సోల్ వేస్తారు, తాళంచెవులకి డూప్లికేట్లు తీస్తారు. ఈత ఫిన్స్ మాత్రం అక్కడి పెద్దాయన చేతికి రావడం ఇదే మొదలట. అటూ ఇటూ తిప్పి, వేలితో నొక్కి చూసి, "రబ్బరే కదా, ఇవ్వు" అన్నాడు.

నీబోర్డు (ఇంగ్లిష్‌లో 'నీ' అంటే మోకాలు) అంటే తెలియనివాళ్ళకి ఒక ముక్క. పొట్టి సర్ఫ్ బోర్డు మీద నిలబడకుండా మోకాళ్ళ మీద కూర్చుని అల మీద జారడం. భీమిలిలో మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "నిలబడడం ఇంకా రాలేదా?" అంటుంది. 1960ల్లో అమెరికా సర్ఫర్ జార్జ్ గ్రీనో మోకాళ్ళ మీద తిప్పిన మలుపులు చూసే ఆస్ట్రేలియాలో పొట్టి బోర్డుల మీదికి గాలి మళ్ళిందని చెప్పినా ఆవిడకి పట్టదు. కూర్చుంటే కళ్ళు నీటికి దగ్గరగా ఉంటాయి. నడుమెత్తు అల కూడా మీద పడేలా కనిపిస్తుంది. ఆ మజా వేరు.

బోర్డు పొట్టిది కాబట్టి అల అందుకోవాలంటే చేతులొక్కటే చాలవు, కాళ్ళు కూడా కొట్టాలి. అందుకే ఫిన్స్. చిక్కంతా ఆ తర్వాతే. ఓవెన్ చర్చిల్ అని 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పడవ పందెంలో బంగారు పతకం గెలిచినాయన 1940లో రబ్బరు ఫిన్స్ అమ్మకం మొదలుపెట్టాడు. అప్పటి నుంచీ వీటిని తయారుచేసేవాళ్ళ లెక్క ఒకటే: కాళ్ళు నీళ్ళలో ఉంటాయి. ఈతగాళ్ళకీ, బోర్డు మీద బోర్లా పడుకుని జారే బాడీబోర్డు వాళ్ళకీ అది నిజమే. మనం టేకాఫ్ అవగానే, అంటే అల అందుకోగానే, కాళ్ళు మడిచి పైకి లాక్కుంటాం. పాదం బోర్లా పడి బోర్డుకి ఆనుతుంది, ఒంటి బరువంతా దాని మీదే. పాదం దూర్చే చోట, మీది రబ్బరు అంచు సరిగ్గా అక్కడే నొక్కుతుంది. కొత్త చెప్పు కరిచినట్టు మొదలై, ఇక్కడి సాండన్ పాయింట్ తీరంలో వచ్చేలాంటి పొడుగాటి అల చివరికి వచ్చేసరికి చర్మం లేచిపోతుంది. నా ఫిన్స్ ఏ కంపెనీవో చెప్పను. ఈతకి అవి బాగానే ఉన్నాయి, తప్పు వాటిది కాదు.

పెద్దాయన ముందు ఆ అంచు సంగతే చూశాడు. సాక్సుతో సహా నన్ను ఫిన్స్ తొడుక్కోమని, షాపులో నేల మీద మోకాళ్ళేసి కూర్చోమన్నాడు. తాళంచెవుల కోసం వచ్చినావిడ నన్ను చూసిన చూపు సంగతి వదిలేయండి. నొక్కుతున్న చోట తెల్ల పెన్సిల్‌తో గీత గీసి, అంచుని ఇంగ్లిష్ యూ అక్షరం ఆకారంలో తీశాడు. కత్తి పెట్టేముందు గీత రెండు చివర్లలోనూ గుండ్రటి పంచ్‌తో చిన్న బెజ్జం కొట్టాడు. రబ్బరులో కోత మూలగా ఆగితే చిరుగు అక్కడి నుంచే మొదలవుతుంది, గుండ్రంగా ఆగితే ఆ భయం తక్కువ. కత్తికి సబ్బునీళ్ళు రాసుకుంటూ కోశాడు కాబట్టి ఎక్కడా పట్టేయలేదు. ఆ తర్వాత అంచుని తోలు చెక్కినట్టే లోపలివైపు నుంచి పలచగా చెక్కి, మీద పాత వెట్‌సూట్ (చల్లటి నీళ్ళలో వేసుకునే సూట్) నుంచి తీసిన నియోప్రీన్ అనే మెత్తటి రబ్బరు ముక్క అతికించాడు. ఇంట్లో కూర్చుని కత్తితో ఈ పని ఎవరైనా చేయగలరేమో, ఆ పలచదనం మాత్రం రాదు.

బ్లేడు, అంటే పాదం ముందుండే వెడల్పాటి రెక్క దగ్గర కాస్త వాదన జరిగింది. మోకాళ్ళ మీద కూర్చుంటే నాకు మడమలు బయటికీ, వేళ్ళు లోపలికీ తిరుగుతాయి, రెండు బ్లేడులూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కేస్తాయి. అందుకని బొటనవేలు వైపు మూలలు వంపుగా తీయించుకున్నాను. పొడవు మూడు సెంటీమీటర్లు తగ్గించమన్నాను. ఆయన ఒకటిన్నర దగ్గర ఆపి, "మళ్ళీ రా, ఇంకా తీయొచ్చు. అతకడం నా వల్ల కాదు" అన్నాడు. సరైన మాట. బ్లేడు కురచైతే బోర్డు తోక దాటి నీళ్ళలో ఈడ్చడం తగ్గుతుంది, నిజమే. దాంతోపాటు కాలి తోపు కూడా తగ్గుతుంది, అల పట్టడం ఆలస్యమవుతుంది. నా బోర్డు ఫిష్ ఆకారం, 1967లో శాన్ డియాగోలో స్టీవ్ లిస్ మోకాళ్ళ సర్ఫింగ్ కోసమే చేసిన రకం. వెడల్పాటి చీలిన తోక కాబట్టి ఒకటిన్నర చాలింది. సన్న తోక బోర్డులవాళ్ళకి ఇంకాస్త తీయాల్సి రావచ్చు.

బ్లేడు పై నిలువు గట్లని పాదం దగ్గర మాత్రమే సోల్ అరగదీసే మెషీన్ మీద పెట్టి కిందికి దించాడు. చివరి దాకా తీస్తే బ్లేడు బలం పోయి వేలాడుతుంది. మెషీన్‌కి ఆన్చడం, తీయడం, మళ్ళీ ఆన్చడం. ఒకేసారి నొక్కితే రబ్బరు వేడెక్కి జిగటగా అయిపోతుందట. వాసన మాత్రం ఘోరం. మడమ పట్టీ జోలికి వెళ్ళలేదు. అక్కడ చిన్న గాటు పడినా అలల్లో ఫిన్ పోయినట్టే.

సముద్రంలో ఫలితం? పాదం మీద ఒరుపు పోయింది, దీనికే డబ్బులు గిట్టాయి. కాళ్ళు మడిచి పైకి లాగేటప్పుడు బ్లేడులు తగులుకోవడం లేదు, ఆ అర సెకను తేడాతో మొదటి మలుపు కుదురుగా వస్తోంది. అలల అవతలికి ఈదేటప్పుడు మాత్రం మునుపటి తోపు లేదు, ఎదురు కరెంటు ఉన్న రోజు తొడలకి తెలుస్తుంది. ఫిన్స్ ఇంకా తేలుతున్నాయి, బకెట్లో వేసి చూసుకున్నాకే సముద్రంలోకి తీసుకెళ్ళాను.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, ఎడమ ఫిన్‌కి అతికించిన నియోప్రీన్ ఒక కొసన లేచింది. డబ్బు అడగకుండా మళ్ళీ అతికించాడు కానీ, నా ముందు వరసలో బూట్లు చాలా ఉండడంతో వారం ఆగాల్సి వచ్చింది. మొదటిసారి పనికి 40 డాలర్లు తీసుకున్నాడు, క్యాష్ మాత్రమే. శనివారం మధ్యాహ్నానికే షాపు మూసేస్తారు. కోయిస్తే కంపెనీ వారంటీ మీద ఆశ వదులుకోవాలి. వెళ్ళేవాళ్ళు ఫిన్స్‌ని మంచినీళ్ళతో ఉప్పు పోయేలా కడిగి, పూర్తిగా ఆరబెట్టి తీసుకెళ్ళండి, తడి ఉంటే జిగురు పట్టదు. అలల్లో ఏ సాక్సు వేసుకుంటారో అదే వెంట తీసుకెళ్ళండి, లేకపోతే గీత తప్పు చోట పడుతుంది.