తిరుపతిలో మా స్టేడియం: ఏళ్ళ తరబడి పరుగెత్తినవాడి మాట

పొద్దున పరుగు, ఆదివారం ఫుట్‌బాల్, రెండూ నాకు ఏళ్ళుగా ఇక్కడే. టికెట్ లేదు, మెంబర్‌షిప్ లేదు. గంటకింతని అద్దె కట్టి టర్ఫ్‌లో ఆడలేని పిల్లలకు ఊళ్ళో ఉన్న దిక్కు ఈ స్టేడియమే.

ట్రాక్ ఎర్రమట్టిది. లోపలి లేన్‌లో చుట్టు 400 మీటర్లు. సింథటిక్ కాదని చిన్నచూపు చూడకండి. నీళ్ళు చల్లి రోలర్ తిప్పిన మర్నాడు దీనిమీద పరుగెత్తితే మోకాళ్ళకు ఎంత హాయో, రోజూ తారు రోడ్డు మీద పరుగెత్తేవాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. ఎండాకాలంలో నీళ్ళు చల్లని రోజు మాత్రం దుమ్ముకు ఊపిరాడదు.

అసలు చిక్కు లేన్ల దగ్గర. వాకింగ్‌కి వచ్చే పెద్దలు మాట్లాడుకుంటూ వరసగా లోపలి లేన్లలో నడుస్తారు. పోలీసు సెలక్షన్‌కి తయారయ్యే పిల్లలు వాళ్ళను తోసుకుపోలేక బయటి లేన్లలోకి జరుగుతారు. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. లేన్ మారేకొద్దీ చుట్టు పెరుగుతూ పోయి, ఎనిమిదో లేన్‌లో 453 మీటర్లవుతుంది. కానిస్టేబుల్ పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో ముగించాలి. నాలుగు చుట్లే కదా అని ఎనిమిదో లేన్‌లో తిరిగితే 1800 మీటర్లు దాటిపోతుంది. అంటే నిమిషం పైనే తేడా! "తొమ్మిది నిమిషాలకు తగ్గడం లేదన్నా" అని దిగులు పడుతున్న ఒక కుర్రాడిని మొదటి లేన్‌లో పరుగెత్తించాం. ఎనిమిదిలోపే వచ్చేశాడు. ఈ లెక్క చెబితే పెద్దవాళ్ళు వెంటనే పక్కకు జరుగుతున్నారు కూడా. మొదటి రెండు లేన్లు పరుగుకేనని గేటు దగ్గర ఒక బోర్డు పెడితే రోజూ ఎవరో ఒకరు చెప్పే పని ఉండదు.

మధ్యలో ఫుట్‌బాల్ మైదానం. గోల్‌పోస్టుల ముందు గడ్డి లేదు, మిగతా చోట్ల పరవాలేదు. పక్క గీత దాటి నాలుగడుగులేస్తే ట్రాకే, కాబట్టి బంతి బయటికి పోతే పరుగెత్తేవాళ్ళ కాళ్ళకు అడ్డం పడుతుంది. జావెలిన్, డిస్కస్ పడాల్సింది కూడా ఈ గడ్డిలోనే. తెల్లవారుజామున త్రోలు, సాయంత్రం ఫుట్‌బాల్ అని కోచ్‌లే మాట్లాడుకుని సర్దుకున్నారు. ఆ ఏర్పాటు నాకు చాలా నచ్చింది.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు ఒక మలుపులో నీళ్ళు నిలిచి ట్రాక్ బురదవుతుంది. 2021 నవంబరు వరదల తర్వాత అక్కడ మట్టి దిగబడింది. పైపైన ఎంత మట్టి పోసినా లాభం లేదు, కాలువ తవ్వాల్సిందే.

నాకు నిజంగా కోపం తెప్పించేది సభలకూ ఎగ్జిబిషన్లకూ మైదానం ఇవ్వడం. పందిరి గుంజలు పీకేశాక గుంతలు వదిలేసి పోతారు. వాటిలో కాలు పడి చీలమండ మెలిపడ్డ పిల్లలను చూశాను. గుంతలు పూడ్చి రోలర్ తిప్పే ఖర్చు అద్దెతోపాటు ముందే వసూలు చేయాలి.

టాయిలెట్లు ఆలస్యంగా తెరుస్తారు. ఐదింటికే వచ్చే ఆడపిల్లలకు ఇది చాలా ఇబ్బంది, వెంటనే సరిచేయాలి. పరుగుకైతే ఆరున్నర లోపు రండి, నీళ్ళ సీసా మీరే తెచ్చుకోండి. సాయంత్రం వచ్చేవాళ్ళు పడమటి గ్యాలరీ నీడలో వార్మప్ చేసుకోవచ్చు.